మిగిలిన లిమిట్ మన డబ్బు కాదు
(సమాఖ్య వార్షిక మహాసభలో సభ్యులతో మాట్లాడిన మాటలు)



ఈ ఏడాది నన్ను క్రెడిట్ కార్డు గురించి మాట్లాడమన్నారు. మనకెందుకమ్మా ఆ గొడవ, అది పట్నం ఉద్యోగస్తుల సంగతి గదా అని కొందరు అనుకోవచ్చు. ఇప్పుడు అలా లేదు. టిఫిన్ సెంటర్ నడిపే వాళ్ల దగ్గర, టైలరింగ్ షాపు వాళ్ల దగ్గర, చీరల వ్యాపారం చేసే వాళ్ల దగ్గర కార్డులు ఉంటున్నాయి. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ పెడితే దాని మీద కార్డు ఇస్తున్నారు. జీతం కాగితాలు అడగడం లేదు. రూపే క్రెడిట్ కార్డయితే ఫోన్‌లో యూపీఐకి కలుపుకుని కిరాణా కొట్టు దగ్గర స్కాన్ చేసి కట్టేయొచ్చు. ఇలా మన వాళ్లకి వచ్చే కార్డులు ఎక్కువగా చిన్న లిమిట్‌వి, 10 వేలు, 15 వేలు, 20 వేలు. చిన్న లిమిటే గదా ఏం మునుగుతాం అనుకుంటాం. కానీ చిన్న కుండ తొందరగా నిండుతుంది. అందుకే దీని లెక్క మనకి బాగా తెలియాలి.

మనకి తెలిసిన దాంతోనే మొదలుపెడతా. బ్యాంకు లింకేజిలో మన సంఘాలకు క్యాష్ క్రెడిట్ లిమిట్ ఉంటుంది గదా. లిమిట్ ఇంత అని రాసిస్తారు. మనం కొంత తీస్తాం. తీసిన దానికే వడ్డీ. తిరిగి కట్టింది మళ్లీ తీసుకోవచ్చు. క్రెడిట్ కార్డు కూడా ఇలాంటిదే. తేడా ఒక్కటే. సంఘం లిమిట్ నుంచి డబ్బు తీయాలంటే సమావేశం జరగాలి, తీర్మానం రాయాలి, లీడర్లు సంతకాలు పెట్టాలి. ఎందుకు, ఎవరికి, ఎన్ని కిస్తీల్లో కడతావు అని పదిమంది అడుగుతారు. కార్డు దగ్గర అడిగే వాళ్లు లేరు. ఒక్క వేలు నొక్కితే అయిపోతుంది. కాబట్టి ఆ పదిమంది అడిగే ప్రశ్నలు మనకి మనమే వేసుకోవాలి. నేను ఈ రోజు చెప్పేదంతా దీని కోసమే.

మూడు అంకెలు

కార్డు ఉన్న వాళ్లు మూడు అంకెలు రాసుకోవాలి. ఒకటి మొత్తం లిమిట్. రెండు వాడినది. మూడు మిగిలినది. ఫోన్ తెరిస్తే ముందు కనబడేది ఈ మూడోదే. 'అందుబాటులో ఉన్న లిమిట్ 6,000' అని పెద్ద అక్షరాలతో చూపిస్తుంది. దాన్ని చూడగానే నా దగ్గర ఆరు వేలు ఉన్నాయి అనిపిస్తుంది. ఉన్నాయని కాదక్కా, ఇంకో ఆరు వేలు అప్పు చేయొచ్చు అని దాని అర్థం. 15 వేల లిమిట్‌లో 6 వేలు మిగిలాయంటే 9 వేలు అప్పు ఉన్నామని చదువుకోవాలి.

ఈ మిగిలిన లిమిట్ మనం కొన్న వాటితోనే తగ్గదు. వడ్డీ పడితే తగ్గుతుంది. ఏడాది ఫీజు పడితే తగ్గుతుంది. ఆలస్యం రుసుము పడితే తగ్గుతుంది. వీటి మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. ఇంకోటి, వాయిదాల మీద కొన్న వస్తువు. 15 వేల లిమిట్ కార్డు మీద 10 వేల ఫోను ఈఎంఐలో కొన్నామనుకోండి. నెలకి వెయ్యే గదా కట్టేది అనుకుంటాం. లిమిట్‌లో మాత్రం మొదటి రోజే పది వేలూ ఆగిపోతాయి. మనకి మిగిలేది 5 వేలే. వాయిదా కట్టేకొద్దీ అందులో అసలు ఎంత తీరితే అంత లిమిట్ తిరిగి వస్తుంది. ఆ ఏడాదంతా షాపు సరుక్కి కార్డు పెద్దగా పనికిరాదన్నమాట. కొనేముందే ఈ లెక్క చూసుకోవాలి.

రెండు తేదీలు

రెండు తేదీలు క్యాలెండర్ మీద గుండ్రం చుట్టి పెట్టుకోండి. బిల్లు తయారయ్యే తేదీ ఒకటి, కట్టాల్సిన ఆఖరి తేదీ ఒకటి. చాలామంది ఆఖరి తేదీనే గుర్తుపెట్టుకుంటారు, బిల్లు తేదీ పట్టించుకోరు.

ఒక ఉదాహరణ చెప్తా. బిల్లు ప్రతి నెలా 12న వస్తుంది, కట్టడానికి 20 రోజులు గడువు అనుకుందాం. జూన్ 11న సరుకు కొంటే అది జూన్ 12 బిల్లులోకి వెళ్తుంది. జూలై 2కి కట్టాలి. అంటే 21 రోజులు టైము. అదే సరుకు జూన్ 13న కొంటే జూలై 12 బిల్లులోకి వెళ్తుంది. ఆగస్టు 1కి కట్టాలి. 49 రోజులు. రెండు రోజులు ఆగి కొంటే నాలుగు వారాలు అదనంగా దొరికింది, పైసా వడ్డీ లేకుండా. పండగ సరుకు తెచ్చుకునే చీరల వ్యాపారం వాళ్లకి ఇది పనికొచ్చే విషయం. అయితే వెనకటి బిల్లు పూర్తిగా కట్టి ఉంటేనే ఈ వడ్డీ లేని రోజులు దొరుకుతాయి.

మనకి డబ్బులు చేతికొచ్చే రోజుకి ఆ తేదీలు కుదరకపోతే మార్చమని అడగొచ్చు. పాల డబ్బులు నెలకి రెండుసార్లు వచ్చే వాళ్లున్నారు, కూలి వారం వారం వచ్చే వాళ్లున్నారు. బిల్లు తేదీని కనీసం ఒకసారి మార్చుకునే అవకాశం కార్డు ఇచ్చినవాళ్లు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

కట్టేది ఆఖరి రోజు దాకా ఉంచొద్దు. వేరే యాప్ నుంచి కడితే జమ కావడానికి ఒకట్రెండు రోజులు పట్టొచ్చు, మధ్యలో సెలవు రావచ్చు. మూడు రోజుల ముందే కట్టేయండి. గడువు దాటి మూడు రోజులు పైబడితేనే ఆలస్యం రుసుము వేయాలని నిబంధన ఉన్న మాట నిజమే. కానీ దాన్ని నమ్ముకుని కూర్చుంటే వడ్డీ మాత్రం ఆగదు.

'కనీసం' అనే మాట

బిల్లులో రెండు మొత్తాలుంటాయి. పూర్తిగా కట్టాల్సింది ఒకటి, కనీసం కట్టాల్సింది ఒకటి. బిల్లు 18 వేలయితే కనీసం 900 కట్టమంటుంది. ఆ 900 కట్టేసి ఈ నెలకి గండం గడిచింది అనుకుంటాం. ఆలస్యం రుసుము పడదు, నిజమే. కానీ మిగిలిన దాని మీద వడ్డీ నడుస్తుంది.

ఆ వడ్డీ ఎంతో మన భాషలో చెప్తా. సంవత్సరానికి 42 శాతం అని కాగితం మీద రాస్తే మనకి తలకెక్కదు. అది నెలకి నూటికి మూడున్నర రూపాయలు. దాని మీద జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పైన. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి ఇస్తానంటే మనం ఏమంటాం? అమ్మో అని వెనక్కి వచ్చేస్తాం. కార్డు బ్యాంకుది కాబట్టి బ్యాంకు వడ్డీయే ఉంటుందనుకుంటాం. కార్డును బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది గానీ చాలా కార్డుల వడ్డీ మూడు రూపాయలకి పైమాటే.

లెక్క చూడండి. 18,000 మీద మూడున్నర చొప్పున నెల వడ్డీ 630. దాని మీద జీఎస్టీ 113. మొత్తం 743. మనం కట్టింది 900. అసలు తీరింది 157 రూపాయలు. నెలంతా కష్టపడి తొమ్మిది వందలు కడితే అప్పు నూట యాభై ఏడు తగ్గింది.

కొంచెం తక్కువ కట్టినా ఇబ్బందే. ఆరు వేల బిల్లుకి అయిదున్నర వేలు కట్టామనుకోండి, మిగిలిన అయిదు వందల మీదే వడ్డీ పడుతుందనుకోవద్దు. చాలా కార్డుల్లో కొన్న రోజు నుంచి లెక్కేసి మొత్తం ఆరు వేల మీదా, కట్టిన రోజు దాకా వడ్డీ వేస్తారు. ఆ తర్వాత మిగిలిన దాని మీద వేస్తారు. కొత్తగా కొన్న వాటికి కూడా వడ్డీ లేని రోజులు పోతాయి. ఉప్పు ప్యాకెట్టు కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ. కాబట్టి ఆ అయిదు వందలు ఎక్కడన్నా చేబదులు తెచ్చి అయినా పూర్తిగా కట్టడం మేలు.

మా సంఘంలో జరిగింది

మా సంఘంలో ఒకామె టైలరింగ్ చేస్తుంది. పేరు చెప్పను. తన సంగతి నలుగురికీ చెప్పమని ఆమే అంది కాబట్టి చెప్తున్నా. ఆమెకి 20 వేల లిమిట్ కార్డు ఉంది. మెషీన్‌కి మోటారు, లైనింగ్ బట్టలు, జిప్పులు అన్నీ కలిపి 8,300 వాడింది. తర్వాత మరిది కొడుకు వచ్చి, పెద్దమ్మా, కార్డు ఒకసారి ఇవ్వవా, నెలకి వెయ్యి ఇస్తా అని 11 వేల ఫోను కొనుక్కున్నాడు. మొత్తం 19,300. ఆ అబ్బాయి రెండు నెలలు ఇచ్చాడు, ఆ తర్వాత ఇవ్వలేదు. ఈమె ప్రతి నెలా తప్పకుండా కనీసం మొత్తం కడుతూ వచ్చింది. కార్డు మళ్లీ వాడలేదు. ఎనిమిది నెలలు కట్టింది. కట్టింది దాదాపు 7,500. ఎనిమిది నెలల తర్వాత అప్పు ఎంతుందో తెలుసా? 18 వేలు. కట్టిన దాంట్లో 6,200 వరకు వడ్డీకీ జీఎస్టీకీ పోయింది, అసలులో తగ్గింది 1,300.

ఆమె సంఘంలో అప్పు కోసం అర్జీ పెట్టింది. ముందు పిల్ల ఫీజు అని చెప్పింది. ఫీజు కట్టే నెల కాదు గదా అని అడిగితే ఏడ్చి అసలు సంగతి చెప్పింది. అప్పుడు సమావేశంలో పెద్ద వాదన జరిగింది. 'ఎవరో ఫోను కొనుక్కుంటే మన పొదుపు డబ్బు ఎందుకివ్వాలి?' అని ఒకరన్నారు. అది తప్పు మాట కాదు. అందరి చెమట డబ్బు అది. 'ఇవ్వకపోతే బయట తెస్తుంది, రెండు అప్పులవుతాయి, రేపు మన కిస్తీ కూడా ఆగుతుంది' అని ఇంకొకరన్నారు. అదీ నిజమే. గంటన్నర మాట్లాడుకున్నాం.

చివరికి ఇవ్వాలని తీర్మానం చేశాం. మా సంఘంలో అంతర్గత అప్పుకి రూపాయి వడ్డీ. 18 వేలకి మొదటి నెల వడ్డీ 180. అదే కార్డు మీదయితే 743. నెలకి 1,500 అసలు, దాంతో పాటు వడ్డీ, 12 కిస్తీలు. మొత్తం ఏడాదికి వడ్డీ 1,170 అవుతుంది. మూడు షరతులు రాసుకున్నాం. డబ్బు చేతికివ్వకుండా అదే రోజు నేరుగా కార్డు ఖాతాకి కట్టించాలి. అప్పు తీరేదాకా కార్డు వాడకూడదు. మరిది ఇంటికి ఇద్దరు సభ్యులు ఆమెతో పాటు వెళ్లి అడగాలి.

వెళ్లాం. మర్యాదగానే అడిగాం. ఆ అబ్బాయి ఇవ్వాల్సినదాంట్లో సగం దాకా వచ్చింది, మిగతాది రాలేదు. వస్తుందో రాదో. ఆమె మాత్రం ఇప్పటికి ఏడు కిస్తీలు కట్టింది, ఒక్కటీ తప్పలేదు. వద్దన్న సభ్యురాలే ఇప్పుడు ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకుంటోంది.

దీన్నిబట్టి ఒక మాట గట్టిగా చెప్తున్నా. కార్డు ఎవరు గీకినా అప్పు మన పేరు మీదే. భర్తయినా, కొడుకయినా, అన్నదమ్ములయినా. 'ఆఫర్ ఉంది, మీ కార్డు మీద డిస్కౌంట్ వస్తుంది, ఒక్కసారి ఇవ్వండి' అంటారు. మొహమాటపడి ఇస్తే కట్టాల్సింది మనమే, కట్టకపోతే పేరు పోయేదీ మనదే. ఇవ్వక తప్పదనుకుంటే ముందు డబ్బు చేతికి తీసుకుని అప్పుడు కొనిపెట్టండి. లేదంటే 'సంఘంలో ఒప్పుకోరు' అని చెప్పండి. సంఘం మీద నెట్టేయండి, మాకేం అభ్యంతరం లేదు.

చిన్న లిమిట్ వాళ్లకి ఒక అలవాటు

మనం అప్పు ఎలా కడుతున్నామో క్రెడిట్ సంస్థల దగ్గర లెక్క ఉంటుంది. దాన్నిబట్టి 300 నుంచి 900 లోపు ఒక స్కోరు వేస్తారు. రేపు మనం సొంతంగా గేదెల లోనో, ఇంటి లోనో అడిగితే బ్యాంకు అది చూస్తుంది. సమయానికి కట్టామా అన్నది ముఖ్యం. దాంతో పాటు లిమిట్‌లో ఎంత భాగం వాడేస్తున్నాం అన్నది కూడా చూస్తారు. మూడో వంతు లోపు ఉంటే మంచిదని చెప్తుంటారు.

లక్ష లిమిట్ ఉన్నాయనకి 12 వేలు వాడితే లెక్కలోకి రాదు. 15 వేల లిమిట్ ఉన్న మనం 12 వేలు వాడితే నూటికి ఎనభై వాడినట్టు. ఇద్దరూ సమయానికే కట్టారు, అయినా మన కార్డు నిండిపోయినట్టు కనబడుతుంది. చిన్న లిమిట్ వాళ్లకి ఇదే ఇబ్బంది.

దీనికి మార్గముంది. బిల్లు వచ్చేదాకా ఆగకుండా నెలలో రెండుసార్లు కట్టండి. 12న బిల్లు తేదీ అయితే, సరుకు అమ్మి డబ్బు రాగానే 9నో 10నో 8 వేలు కట్టేయండి. బిల్లులో 4 వేలే వస్తుంది. ఆ నాలుగు వేలు ఆఖరి తేదీ లోపు కట్టేయండి. కట్టిన మేరకు లిమిట్ మళ్లీ తెరుచుకుంటుంది, తర్వాతి సరుక్కి పనికొస్తుంది. పైసా ఎక్కువ ఖర్చు లేదు. మన పొదుపు ఎలా తేదీ ప్రకారం కడతామో ఇదీ అంతే.

బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యేలా పెట్టుకుంటే ఇంకా మంచిది. కానీ అక్కడ 'కనీసం' అని కాకుండా 'పూర్తి మొత్తం' అని పెట్టారో లేదో చూసుకోండి. ఆ రోజుకి ఖాతాలో డబ్బు ఉండాలి, లేకపోతే అదో రుసుము.

స్కోరు కాగితాన్ని ప్రతి క్రెడిట్ సంస్థ ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి. తీసి చూసుకోండి. మనం తీసుకోని అప్పు మన పేరు మీద కనబడితే వెంటనే రాతపూర్వకంగా అడగండి.

చేయకూడనివి, అడగాల్సినవి

కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయొద్దు. తీసిన రోజు నుంచే వడ్డీ, పైగా తీసినందుకు రుసుము. చేతి డబ్బు అవసరమైతే సంఘం ఉంది, స్త్రీనిధి ఉంది.

లిమిట్ పెంచుతామని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే పెట్టేయండి. చిన్న లిమిట్ వాళ్లని ఇదే ఆశ చూపి మోసం చేస్తారు. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి చెప్పి కార్డు ఆపించండి.

మనకి హక్కులు కూడా ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం మనం అడగకుండా కార్డు ఇవ్వకూడదు. మన అనుమతి లేకుండా లిమిట్ దాటనిచ్చి రుసుము వేయకూడదు. బాకీ అంతా కట్టేసి కార్డు మూసేయమని అడిగితే 7 పనిదినాల్లో మూయాలి, లేకపోతే ఆ తర్వాత రోజుకి 500 చొప్పున మనకివ్వాలి. వసూలుకి ఉదయం 8 ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదు. ఇంటికొచ్చి అవమానించే హక్కు ఎవరికీ లేదు. బ్యాంకుకి రాసిచ్చాక 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ఎలా చేయాలో 14448కి ఫోన్ చేస్తే చెప్తారు.

కార్డు అసలు తీసుకోవద్దని నేను అనడం లేదు. నెలనెలా పూర్తిగా కట్టగలిగే వాళ్లకి అది కొన్ని రోజులు వడ్డీ లేని సరుకు. మన పేరు మీద మంచి లెక్క కూడా ఏర్పడుతుంది. ఏ నెలకానెల డబ్బు సరిపోని వాళ్లకి మాత్రం అది నాలుగు రూపాయల అప్పు. మీరు ఏ రకమో మీ ఇంటి లెక్కల పుస్తకం చెప్తుంది.

చివరగా గ్రామ సంఘాల లీడర్లను ఒకటి కోరుతున్నా. ప్రతి సమావేశంలో పొదుపు, కిస్తీలు అయ్యాక ఒక అయిదు నిమిషాలు కార్డుల గురించి అడగండి. ఎవరికుందో చేతులెత్తించొద్దు, సిగ్గుపడతారు. లిమిట్ ఎంత, వాడింది ఎంత, ఆఖరి తేదీ ఎప్పుడు, ఈ మూడూ ఎవరి పుస్తకం వెనక వాళ్లని రాసుకోమనండి. ఇబ్బందిలో ఉన్నామని ఎవరైనా చెప్తే తిట్టొద్దు. లెక్క వేసి చూపించండి. ఆలస్యంగా చెప్పిన ప్రతి నెలకీ వడ్డీ ఉంటుంది గదా, అందుకని తొందరగా చెప్పుకునేలా మన సంఘం ఉండాలి.

భోజనాల దగ్గర కూర్చుంటా, కార్డు బిల్లు తెచ్చుకున్న వాళ్లు తీసుకురండి, కలిసి చదువుకుందాం.